ఈస్టు నైట్రేటును ఎప్పుడు ముట్టుకుంటుంది, ఎప్పుడు ముట్టుకోదు: ల్యాబులో అంచెలంచెలుగా తేల్చుకునే పద్ధతి

బేకరీ ఈస్టు పొడి తెచ్చి, చక్కెర నీళ్లలో పొటాషియం నైట్రేట్ కలిపి, పెరుగుతుందేమోనని రెండు రోజులు కాచుకుని కూర్చున్న విద్యార్థులను చూశాను. పెరగదు. రొట్టెలకూ సారాకూ వాడే శాకరోమైసిస్ సెరెవిసియేకి నైట్రేటును లోపలికి తెచ్చే ద్వారం లేదు, దాన్ని విడగొట్టే ఎంజైములూ లేవు. వాటిలో మొదటి ఎంజైముకు తప్పనిసరైన మాలిబ్డినమ్ కోఫాక్టర్‌ను (ఎంజైము పనిచేయడానికి తోడుండాల్సిన అణువును) తయారుచేసుకునే ఏర్పాటు కూడా ఈ ఈస్టు దగ్గర లేదు. కాబట్టి ఈ ప్రయోగంలో సగం విజయం సరైన ఈస్టును ఎంచుకోవడంలోనే ఉంది.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. నత్రజని కోసం వెతికే ఈస్టుకు అమ్మోనియం వడ్డించిన విస్తరి. లోపలికి రాగానే నేరుగా గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లంలో చేరిపోతుంది. నైట్రేట్ అలా కాదు, వడ్ల బస్తా లాంటిది. దంచాలి, చెరగాలి, వండాలి. నైట్రేట్ రిడక్టేజ్ రెండు ఎలక్ట్రాన్లు ఖర్చుపెట్టి దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైట్ రిడక్టేజ్ ఇంకో ఆరు ఎలక్ట్రాన్లు పెట్టి అమ్మోనియంగా మారుస్తుంది. మొత్తం ఎనిమిది. పైగా మధ్యలో పుట్టే నైట్రైట్ విషం. అందుకే ఈస్టు ఈ వంటకు పొయ్యి వెలిగించాలంటే రెండు కబుర్లు అందాలి: ‘నైట్రేట్ వచ్చింది’ అన్నది ఒకటి, ‘అంతకంటే తేలికైన తిండి లేదు’ అన్నది రెండోది. ఒక్క కబురు సరిపోదు. మన ప్రయోగమంతా ఈ రెండింటినీ విడదీసి చూడటానికే. చాలా నివేదికల్లో ఇవి కలగాపులగం అయిపోతాయి.

మొదటి అడుగు: ఏ ఈస్టు?

ఒగటేయా పాలిమార్ఫా. పాత పుస్తకాల్లో హాన్సెనులా పాలిమార్ఫా అని ఉంటుంది, రెండూ ఒకటే. నైట్రేట్ నియంత్రణను అణుస్థాయిలో బాగా తవ్వి చూసింది ఈ ఈస్టులోనే. ఆ పనిలో ఎక్కువ భాగం స్పెయిన్‌కు చెందిన కేనరీ దీవుల్లో, లా లగునా విశ్వవిద్యాలయంలో హోసే సివెరియో బృందం చేసింది. దీని జన్యువుల్లో ఐదు మనకు ముఖ్యం: వైఎన్‌టీ1 (నైట్రేటును లోపలికి తెచ్చే వాహకం), వైఎన్‌ఆర్1 (నైట్రేట్ రిడక్టేజ్), వైఎన్‌ఐ1 (నైట్రైట్ రిడక్టేజ్), వైఎన్‌ఏ1, వైఎన్‌ఏ2 (మిగతావాటిని మేల్కొలిపే నియంత్రకాలు). ఐదూ క్రోమోజోమ్ మీద ఒకేచోట గుంపుగా ఉంటాయి. అలాగని బాక్టీరియాల్లోలా అన్నిటికీ కలిపి ఒకే ఆర్‌ఎన్‌ఏ రాదు, ఎవరి ఆర్‌ఎన్‌ఏ వారిదే.

మన దేశంలో చండీగఢ్‌లోని ఎంటీసీసీ, పుణేలోని ఎన్‌సీఐఎం లాంటి సూక్ష్మజీవుల భాండాగారాల జాబితాల్లో పాత పేరుతోనూ కొత్త పేరుతోనూ వెతకండి. ఇది 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర హాయిగా పెరిగే ఈస్టు. వేసవిలో ఏసీ ఆగిపోతే తక్కిన ఈస్టులు నీరసించినా ఇది ఏమీ అనుకోదు. మన దగ్గర ఇదొక వరమే.

పక్కమాట ఒకటి. హైదరాబాదులో హెపటైటిస్ బి టీకాకు వాడి పేరు తెచ్చుకున్న పికియా పాస్టోరిస్, ఈ ఒగటేయా రెండూ మిథనాల్ తినే ఈస్టులే. ఆ పోలిక చూసి ‘మా దగ్గర పికియా ఉంది, దాంతో చేసేస్తాం’ అంటుంటారు. కుదరదు. పికియా పాస్టోరిస్ నైట్రేటును వాడుకోలేదు. కానీ అది మంచి కంట్రోల్ అవుతుంది, పక్కన ఒక ఫ్లాస్కులో పెట్టుకోండి.

రెండో అడుగు: మాధ్యమం (అందరూ పప్పులో కాలేసే చోటు)

నేనూ వేశాను. ఈస్ట్ నైట్రోజన్ బేస్ డబ్బా మీద ‘అమైనో ఆమ్లాలు లేనిది’ అని చూసి, అంతే చాలనుకున్నాను. ఆ మామూలు రకంలో లీటరుకు 5 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ ఉంటుంది. లెక్క వేస్తే దాదాపు 76 మిల్లీమోలార్ అమ్మోనియం. అందులో మీరు 5 మిల్లీమోలార్ నైట్రేట్ వేస్తే ఈస్టు దానివైపు కన్నెత్తి కూడా చూడదు. మనకు కావలసింది ‘అమైనో ఆమ్లాలూ అమ్మోనియం సల్ఫేటూ రెండూ లేని’ రకం. లీటరుకు 1.7 గ్రాములు వేయాలి. మాలిబ్డేట్ కొద్దిగా అందులోనే ఉంటుంది కనుక విడిగా కలపక్కర్లేదు.

దానికి గ్లూకోజ్ 20 గ్రాములు. నత్రజని మూలాలను విడివిడిగా స్టాకులు చేసి, ఫిల్టర్ చేసి పెట్టుకోండి. 5 మిల్లీమోలార్ రావాలంటే లీటరుకు: పొటాషియం నైట్రేట్ 0.506 గ్రా., అమ్మోనియం క్లోరైడ్ 0.267 గ్రా., గ్లుటమిన్ (ఇదీ అమ్మోనియంలాగే తేలికైన తిండి) 0.731 గ్రా. గ్లుటమిన్‌ను ఆటోక్లేవ్‌లో పెట్టకండి, వేడికి విడిపోయి అమ్మోనియం వదులుతుంది. నైట్రేట్ లేని ఫ్లాస్కుల్లో పొటాషియం క్లోరైడ్ 0.373 గ్రా. వేస్తే పొటాషియం లెక్క అన్నిట్లోనూ సమానమవుతుంది.

పీహెచ్‌నూ పట్టించుకోవాలి. అమ్మోనియం తినే కణాలు బయటికి ప్రోటాన్లు వదులుతాయి, మాధ్యమం త్వరగా పులుస్తుంది. నైట్రేట్ ప్రోటాన్లను వెంటబెట్టుకుని లోపలికి వస్తుంది కనుక ఆ ఫ్లాస్కులో పులుపు తక్కువ. బఫర్ లేకుండా చేస్తే మీరు చూసే తేడా నత్రజని వల్లో పీహెచ్ వల్లో చెప్పలేరు. పీహెచ్ 5.5 నుంచి 6 మధ్య నిలిచేలా బఫర్ కలపండి. మరీ ఆమ్లంగా ఉంటే ఇంకో చిక్కు: బయటికొచ్చిన నైట్రైట్ నైట్రస్ ఆమ్లంగా మారి కణాలను దెబ్బతీస్తుంది.

ప్లేట్ల మీద చేద్దామనుకునేవారికి ఒక హెచ్చరిక. మామూలు అగార్‌లోనూ నత్రజని మలినాలు ఉంటాయి. ఏ నత్రజనీ వేయని ప్లేటు మీద కూడా పలచగా పెరుగుదల కనిపిస్తుంది. ఆ ప్లేటు పక్కన లేకుండా ‘నైట్రేట్ పాజిటివ్’ అని రాయకండి.

మూడో అడుగు: కణాలను ఒకే స్థితికి తేవడం

కణాలను ముందు అమ్మోనియంలో పెంచాలి, అప్పుడు నైట్రేట్ యంత్రాంగం పూర్తిగా ఆపేసి ఉంటుంది. కానీ రాత్రి వేసి పొద్దున తీస్తే చెడిపోతుంది. ఎందుకో చిన్న లెక్క. 5 మిల్లీమోలార్ అమ్మోనియంలో ఉన్న నత్రజని లీటరుకు 70 మిల్లీగ్రాములు. ఈస్టు పొడి బరువులో ఎనిమిది శాతం నత్రజని అనుకుంటే, అది లీటరుకు 0.9 గ్రాముల కణాలకు మించి సరిపోదు. తెల్లారేసరికి గిన్నె ఖాళీ, కణాలు ఆకలితో నకనకలాడుతుంటాయి. అంటే ‘తేలికైన తిండి లేదు’ అన్న రెండో కబురు వాటికి అప్పటికే చేరిపోయింది. మీ సున్నా గంట నమూనా ఇక సున్నా కాదు.

కాబట్టి రాత్రి కల్చర్‌ను పొద్దున తాజా మాధ్యమంలోకి పలచన చేసి, రెండు తరాలు పెరగనిచ్చి, 600 నానోమీటర్ల దగ్గర సాంద్రత 0.8–1.0 ఉన్నప్పుడు తీయండి. సెంట్రిఫ్యూజ్ చేసి, నత్రజని లేని మాధ్యమంతో రెండుసార్లు కడగండి. ఒక్కసారి కడిగితే గోడల మీద మిగిలే అమ్మోనియం కథ మార్చేస్తుంది.

నాలుగో అడుగు: ఫ్లాస్కులు

కడిగిన కణాలను సమానంగా పంచండి: నత్రజని ఏదీ లేనిది, నైట్రేట్ మాత్రమే, అమ్మోనియం మాత్రమే, నైట్రేట్‌తో అమ్మోనియం, నైట్రేట్‌తో గ్లుటమిన్. ఐదూ 37 డిగ్రీల షేకర్‌లో. ఫ్లాస్కు పరిమాణంలో ఐదో వంతుకు మించి నింపకండి, గాలి ఆడాలి. సున్నా, అరగంట, గంట, రెండు గంటల దగ్గర నమూనాలు తీయండి.

రెండు గంటలే ఎందుకంటే, పైన వేసిన లెక్కే. నాలుగైదు గంటలు వదిలేస్తే నాలుగో ఫ్లాస్కులో అమ్మోనియం అయిపోతుంది. అప్పుడు ఈస్టు నైట్రేట్ మీదికి మళ్లుతుంది, మీరేమో ‘అమ్మోనియం ఉన్నా నైట్రేట్ రిడక్టేజ్ వచ్చింది’ అని రాస్తారు. ఎక్కువ సేపు చూడాల్సి వస్తే అమ్మోనియం ఎంత మిగిలిందో కూడా కొలవండి.

ఇక్కడే అసలు తర్కం ఉంది. మొదటి ఫ్లాస్కులోనూ నాలుగో ఫ్లాస్కులోనూ ఎంజైము దాదాపు ఉండదు, కానీ కారణాలు వేరు. మొదటిదాంట్లో తేలికైన తిండి లేదన్న కబురు చేరింది, నైట్రేట్ వచ్చిందన్న కబురు రాలేదు. నాలుగోదాంట్లో నైట్రేట్ కబురు వచ్చింది, కానీ అమ్మోనియం కూర్చుని ఉంది. రెండు కబుర్లూ అందింది రెండో ఫ్లాస్కుకు ఒక్కదానికే. ఒట్టి ఆకలి ఈ యంత్రాంగాన్ని నడపలేదని చెప్పేది మొదటి ఫ్లాస్కే. ఎవరైనా ఖర్చు తగ్గించడానికి ఒక ఫ్లాస్కు తీసేద్దామంటే దాన్ని మాత్రం తీయనివ్వకండి.

ఐదో అడుగు: నైట్రేట్ రిడక్టేజ్ కొలవడం

తీసిన కణాలను చల్లటి నీటితో కడిగి, 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్ 7), కొద్దిగా ఈడీటీఏ, గాజు పూసలు వేసి వోర్టెక్స్ చేయండి. అర నిమిషం వోర్టెక్స్, అర నిమిషం ఐసు, ఇలా ఆరుసార్లు. మొహమాటపడి నాలుగుసార్లకే ఆపితే సగం కణాలు పగలవు. సెంట్రిఫ్యూజ్ చేసి పైన తేరుకున్న ద్రవం తీసుకోండి, అది ఐసులోనే ఉండాలి.

చర్య మిశ్రమంలో 10 మిల్లీమోలార్ నైట్రేట్, 0.2 మిల్లీమోలార్ ఎన్‌ఏడీపీహెచ్ (రిడక్టేజ్‌కు ఎలక్ట్రాన్లు అందించే అణువు) ఉండాలి. 30 డిగ్రీల దగ్గర పది నిమిషాలు నడిపి, పుట్టిన నైట్రైటును గ్రీస్ పరీక్షతో కొలవాలి. ఆమ్లంలో సల్ఫానిలమైడ్, ఆ తర్వాత నాఫ్థైల్ ఇథిలీన్ డయమీన్ ద్రావణం, గులాబీ రంగు, 540 నానోమీటర్ల దగ్గర రీడింగ్. పీటర్ గ్రీస్ 1879లో చూపిన ఈ పరీక్ష ఇప్పటికీ పాతబడలేదు. సోడియం నైట్రైటుతో 0 నుంచి 50 మైక్రోమోలార్ వరకు ప్రమాణ రేఖ గీసుకోండి.

ఇందులో ఒక మోసం ఉంది. మిగిలిపోయిన ఎన్‌ఏడీపీహెచ్ గ్రీస్ రంగును తగ్గిస్తుంది. అందుకని ప్రమాణ రేఖకు వాడే ట్యూబుల్లో కూడా అదే మోతాదు ఎన్‌ఏడీపీహెచ్ వేయండి. ప్రతి నమూనాకూ ఎన్‌ఏడీపీహెచ్ లేని ట్యూబు ఒకటి, సున్నా నిమిషంలోనే ఆపేసిన ట్యూబు ఒకటి ఉండాలి. ఫలితాన్ని ప్రోటీన్ మిల్లీగ్రాముకు, నిమిషానికి ఎన్ని నానోమోళ్ల నైట్రైట్ అని రాయండి. కణాల సాంద్రతతో భాగిస్తే సరిపోదు, ఎందుకంటే పగిలిన శాతం ప్రతిసారీ ఒకేలా ఉండదు.

రెండో ఫ్లాస్కులో కనిపించిన ఎంజైము కొత్తగా తయారైందా, అప్పటికే ఉండి నిద్ర లేచిందా అన్న ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. నైట్రేట్ వేసే ముందే, ప్రోటీన్ తయారీని ఆపే సైక్లోహెక్సిమైడ్ కలిపిన ఫ్లాస్కు ఒకటి పెట్టండి. ప్రోటీన్ తయారీ ఆగిపోయినప్పుడు ఎంజైము కూడా రాకపోతే జవాబు దొరికినట్టే. సైక్లోహెక్సిమైడ్ మనకూ విషమే కాబట్టి చేతి తొడుగులు మరవకండి.

ఆరో అడుగు: గుమ్మం దగ్గర ఏం జరుగుతోంది

ఎంజైము ఒక్కటే కొలిచి ఊరుకుంటే సగం కథే తెలుస్తుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కొంచెం ఓపిక కావాలి.

నైట్రేట్‌లో రెండు గంటలు పెరిగిన కణాలు తీసుకోండి. వాటిని రెండు భాగాలు చేసి, ఒకదానికి 5 మిల్లీమోలార్ గ్లుటమిన్ కలపండి, రెండోదాన్ని అలాగే వదిలేయండి. ప్రతి అరగంటకూ కొన్ని కణాలు తీసి, కడిగి, గ్లూకోజ్ ఉన్న బఫర్‌లో 0.2 మిల్లీమోలార్ నైట్రేట్‌తో కలపండి. బయటి ద్రవంలో నైట్రేట్ ఎంత వేగంగా తగ్గుతోందో ఐదేసి నిమిషాలకు చూడండి. వెనేడియం క్లోరైడ్ ఆమ్లంలో నైట్రేటును నైట్రైటుగా మారుస్తుంది, ఆ తర్వాత అదే గ్రీస్ రంగు. ముందే ఉన్న నైట్రైటును విడిగా కొలిచి తీసేయాలి. కణాలను వేరుచేయడానికి నైట్రోసెల్యులోజ్ ఫిల్టర్లు వాడకండి, వాటి నుంచే నైట్రేట్ కారి లెక్క తప్పుతుంది. నైలాన్ వాడండి.

గ్లుటమిన్ కలిపిన భాగంలో నైట్రేట్ లోపలికి వెళ్లే వేగం పడిపోతుంది. అదే నమూనాల్లో రిడక్టేజ్ కూడా కొలిచి పక్కపక్కన పెట్టండి. జన్యువు పనిచేయడం మానేసినంత మాత్రాన పొరమీద ఇప్పటికే ఉన్న వాహకాలు మాయం కావు, పంచుకుంటూ పోయే కణాల్లో అవి నెమ్మదిగా పలచబడతాయి. అంతకంటే వేగంగా రవాణా పడిపోయిందంటే ఎవరో తలుపులు ఊడబీకుతున్నారన్నమాట.

ఊడబీకేది కణమే. గ్లుటమిన్ అందగానే వైఎన్‌టీ1 వాహకానికి యుబిక్విటిన్ (‘దీన్ని పారేయాలి’ అని గుర్తుపెట్టే చిన్న ప్రోటీన్) ముద్ర పడుతుంది. ఆ ముద్ర పడేది ప్రోటీన్ మధ్యభాగంలో నీటివైపు వేలాడే మెలికలోని 253, 270 స్థానాల లైసీన్ల మీద. ముద్ర పడినవి పొర నుంచి లోపలికి లాగబడి రిక్తికలో (కణంలో పాత సరుకును ముక్కలుచేసే సంచి, వాక్యూల్) ముక్కలవుతాయి. దీనికి ఎదురుగా ఎన్‌పీఆర్1 అనే కైనేజ్ ఉంది. నత్రజని కరువులో అది 246వ స్థానంలోని సెరీన్‌కు ఫాస్ఫేట్ తగిలించి, వాహకాన్ని పొరమీదే నిలబెడుతుంది. ఎన్‌పీఆర్1 లేని మ్యూటెంట్ దొరికితే ఇదే ప్రయోగం దానితో చేసి చూడండి, గ్లుటమిన్ కలపకుండానే పొరమీద వాహకం తక్కువగా ఉంటుంది.

దీంతో ఒక గడ్డు ప్రశ్న లేస్తుంది. అమ్మోనియమో గ్లుటమినో ఉన్నప్పుడు జన్యువులు మూగబోవడానికి కారణం నిజంగా రెండో కబురేనా, లేక తలుపు మూసుకుపోయి నైట్రేట్ లోపలికే రాక మొదటి కబురు అందకపోవడమా? వైఎన్‌టీ1 లేని మ్యూటెంట్లలో 0.1 మిల్లీమోలార్ నైట్రేట్ దగ్గర రిడక్టేజ్ బాగా తగ్గిపోతుంది. అంటే కణం లెక్కలోకి తీసుకునేది లోపల చేరిన నైట్రేటునే. అందువల్ల నాలుగు, ఐదు ఫ్లాస్కులను 5 మిల్లీమోలార్‌తోనే కాక 50 మిల్లీమోలార్ నైట్రేట్‌తోనూ చేయండి. నైట్రేట్ ఎంత పెంచినా ఎంజైము రాకపోతే తలుపు ఒక్కటే కారణం కాదు. కొంత వస్తే రెండూ పాలుపంచుకుంటున్నాయి.

నైట్రేటే కబురా, దాన్నుంచి పుట్టినదేదైనానా అన్న సందేహానికి మ్యూటెంట్లే జవాబిచ్చాయి. వైఎన్‌ఆర్1 తీసేసిన ఈస్టు నైట్రేటును మార్చలేదు. అయినా నైట్రేట్ తగలగానే మిగతా జన్యువులు మేల్కొంటాయి. ఆ మేల్కొలుపుకు వైఎన్‌ఏ1, వైఎన్‌ఏ2 రెండూ కావాలి. ఒకదాని పని రెండోది చేయలేదు.

ఫలితాలు వంకర తిరిగితే

నైట్రేట్ ఫ్లాస్కులో పెరుగుదల ఉంది, ఎంజైము కనిపించడం లేదంటే ముందు ఎన్‌ఏడీపీహెచ్ తాజాదేనా చూడండి. తర్వాత కణాలు పగిలాయా అని సూక్ష్మదర్శినిలో చూడండి. చాలాసార్లు సమస్య అక్కడే తీరుతుంది.

మాధ్యమానికి గ్రీస్ పరీక్ష చేసినా గులాబీ రంగు వస్తోందంటే నైట్రైట్ బయటికి వస్తోంది. ఇది తప్పు కాదు, సమాచారం. మొదటి మెట్టు వేగం రెండోదాన్ని మించింది, మిగులును కణం బయటికి తోసేస్తోంది. ఒగటేయాలో ఇందుకు ఎస్‌ఎస్‌యూ2, నార్1 అనే ఎగుమతి వాహకాలు ఉన్నాయి. గాలి పెంచి చూడండి.

క్లోరేట్ పెట్టి రవాణా లోపమున్న మ్యూటెంట్లను ఏరుదామని కొందరు మొదలుపెడతారు. క్లోరేట్ నైట్రేటును పోలి ఉంటుంది, రిడక్టేజ్ దాన్ని విషపు క్లోరైటుగా మారుస్తుంది. కనుక తట్టుకుని బతికినవాటిలో ఎంజైము పోయి ఉంటుందన్నది శిలీంధ్రాల్లో పాత ఉపాయం. కానీ ఒగటేయాలో వైఎన్‌టీ1 పోయిన కణాలు కూడా క్లోరేటుకు చస్తూనే ఉంటాయి. క్లోరేట్ లోపలికి రావడానికి వేరే దారి ఉంది. రవాణా మ్యూటెంట్ల కోసం ఈ వల వేస్తే చేపలు పడవు.

ల్యాబు బయట ఇదే కథ: బ్రెజిల్ చెరకు తొట్లు

ఈశాన్య బ్రెజిల్‌లో చెరకు రసంతో ఇథనాల్ చేసే కర్మాగారాల్లో బ్రెట్టానోమైసిస్ బ్రక్సెలెన్సిస్ (దీన్నే డెక్కెరా అంటారు) చొరబడి, అసలు పని చేసే శాకరోమైసిస్‌ను వెనక్కి నెట్టేస్తుంది. నెమ్మదిగా పెరిగే ఈ ఈస్టు ఎలా గెలుస్తోందన్నది చాలాకాలం వింతగా ఉండేది. 2011లో అక్కడి పరిశోధకులు చూపిన కారణం చెరకు రసంలోని నైట్రేట్. శాకరోమైసిస్ దాన్ని ముట్టలేదు, బ్రెట్టానోమైసిస్ తింటుంది. తేలికైన నత్రజని అయిపోయాక తొట్టెలో మిగిలిన భోజనం దానిదే.

ఇంకో విచిత్రం. ఈ ఈస్టుకు ఆక్సిజన్ ఒక్కసారిగా తీసేస్తే పులియబెట్టడం ఆగిపోతుంది. డెల్ఫ్ట్‌లో కస్టర్స్ 1940లో వర్ణించాడు గనుక దీన్ని కస్టర్స్ ప్రభావం అంటారు. అసిటిక్ ఆమ్లం తయారీలో ఎన్‌ఏడీహెచ్ (ఎలక్ట్రాన్లు మోసే అణువు) పేరుకుపోయి, వదిలించుకునే దారి లేక కణం చిక్కుకుపోతుంది. నైట్రేట్ ఇస్తే ఈ ప్రభావం కనిపించదు. మొదట్లో ఎనిమిది ఎలక్ట్రాన్ల దండగ అనుకున్నది ఇక్కడ మిగులు ఎలక్ట్రాన్లను పారేసే చెత్తబుట్ట అవుతుంది.

ఇది మీరూ చూడవచ్చు. పైన చెప్పిన మాధ్యమంలోనే, 30 డిగ్రీల దగ్గర, నైట్రేటుతో ఒకటి, అమ్మోనియంతో ఒకటి పెంచండి. ఆ తర్వాత రెండింటినీ నత్రజని వాయువుతో ఆక్సిజన్ లేకుండా చేసి, రబ్బరు బిరడాలు బిగించి, కార్బన్ డయాక్సైడ్ బుడగలు లెక్కపెట్టండి. ఒగటేయాకు గంటల్లో తేలేది దీనికి రోజులు పడుతుంది. శుక్రవారం సాయంత్రం వేసుకోండి.